పెట్టె మాట్లాడకూడదు

పార్సిల్ అంకుల్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను షిల్లాంగ్ దగ్గర ఒక లాడ్జి వరండాలో కూర్చుని సైకిల్ గొలుసు తుడుస్తున్నాను. పన్నెండు రోజుల తిరుగుడు ముందురోజే ముగిసింది. చేతులు నల్లగా ఉన్నాయని ఫోన్‌ను మోచేత్తో నొక్కి స్పీకర్‌లో పెట్టాను. అవతల అంకుల్ వాళ్లమ్మాయి.

"అక్కా, డాడీ పొద్దుగాల ప్రభువు దగ్గరికి పోయిన్రు," అంది.

నేను గొలుసు తుడుస్తూనే ఉన్నాను. ఎందుకో ఆపబుద్ధి కాలేదు. కాసేపటికి తనే మళ్లీ అంది.

"ఇంకో మాట అక్కా. అమ్మ చీర ముక్కలు నీ సైకిల్ పెట్టెల్నే ఉన్నయ్ గదా? దవాఖానల ఉన్నప్పుడు డాడీ అన్నరు. నన్ను పెట్టెల పెట్టేటప్పుడు పక్కన ఖాళీ ఉంచకున్రి, మీ అమ్మ చీర ముక్క ఒకటి పెట్టున్రి అని. రేపు మూడు గంటలకు సమాధి. వస్తవా?"

"వస్తున్నా. చీర ముక్క తెస్తున్నా," అన్నాను.

ఒకావిడ చీర ముక్కలు పరాయి ఇంటివాళ్ల సైకిల్ పెట్టెలోకి ఎందుకు వచ్చాయో చెప్పాలంటే అంకుల్ గురించి చెప్పాలి. చెప్పాలని నాకూ ఉంది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది మూడంతస్తుల పాత బిల్డింగు. మేం రెండో అంతస్తులో ఉంటాం. కింది వాటా అంకుల్ వాళ్లది. మెదక్ నుంచి కుర్రతనంలో వచ్చి, స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యారు. బిల్డింగులో చిన్నాపెద్దా అందరికీ ఆయన పార్సిల్ అంకులే. ఎవరు ఇల్లు మారినా, ఎవరి పిల్ల అత్తారింటికి సామానుతో బయల్దేరినా, అంకుల్ స్టూలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేవారు. ఎవరూ పిలవక్కర్లేదు. "గిట్ల కాదమ్మా" అనే మాటతో మొదలుపెట్టేవారు. మా ఇల్లు సుల్తాన్ బజార్ నుంచి ఇక్కడికి మారినప్పుడు మా అమ్మ గాజు గిన్నెలు ఒక్కటీ పగలకుండా చేరాయంటే ఆయన చలవే. అప్పటికి నాకు సైకిల్ గొడవ లేదు.

నేను అబిడ్స్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నలభై దాటాక సైకిల్ పిచ్చి పట్టుకుంది. మొదట ట్యాంక్‌బండ్ దాకా, తరువాత శంషాబాద్ దాకా, ఆ తరువాత ఏకంగా వేరే రాష్ట్రాల దాకా. అందుకోసం ఒక ప్రయాణాల సైకిల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దాని ఫ్రేము మధ్యలో రెండు ముక్కలుగా విడిపోతుంది. చక్రాలు చిన్నవి. అన్నీ ఊడదీసి సర్దితే పెద్ద సూట్‌కేసంత పెట్టెలో పడుతుంది. మామూలు లగేజీలా విమానంలో వేసుకుని వెళ్లిపోవచ్చు. అమ్మినాయన అరగంటలో సర్దొచ్చన్నాడు. నాకు తొందర ఎక్కువ. ఇరవై నిమిషాల్లో సర్దేశాను.

అది వయనాడ్ ప్రయాణం. బోలెడు బుడగల కవరు కొని చుట్టాను. అక్కడ పెట్టె తెరిచేసరికి వెనక చక్రం దగ్గర గేర్లను పట్టుకునే కొక్కెం వంకరపోయి ఉంది. అది వంకరైతే గొలుసు ఏ గేరు మీదా నిలవదు. నాతో వచ్చినవాళ్లు నాలుగు రోజులు కొండలెక్కి దిగుతుంటే నేను సామాన్ల వ్యాన్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని వాళ్లకు అరటిపళ్లు అందించాను. అంత అవమానం నేను పదో తరగతిలో కూడా పడలేదు.

ఇంటికొచ్చి, కింద వరండాలో పెట్టె తెరిచి విమానం వాళ్లను తిడుతూ ఉంటే, స్టూలు చప్పుడైంది. అంకుల్ కూర్చుని పెట్టెలోకి వంగి చూశారు. చాలాసేపు చూశారు. నాకు ఒళ్లు మండింది.

"తప్పు వాళ్లది కాదు బిడ్డా. పెట్టెల ఖాళీ ఉన్నది," అన్నారు.

"మీకేం తెల్సు అంకుల్ సైకిళ్ల గురించి?" అని పెద్ద గొంతుతోనే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన నొచ్చుకోలేదు. "సైకిళ్ల గురించి నాకేం తెల్వదు. ఇరగడం గురించి తెల్సు," అన్నారు.

అలా మొదలైంది. ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే. సామాను బరువుకు విరగదు, ఖాళీకి విరుగుతుంది. పెట్టెలో వేలెడు జాగా దొరికితే చాలు, లోపలి వస్తువు అటూ ఇటూ నడవడం మొదలుపెడుతుంది. నడిచేదేదైనా ఎక్కడో అక్కడ గుద్దుకుంటుంది. సర్దడం అయ్యాక మూత వేసి, పెట్టె ఒక కొస ఎత్తి, చెవి ఆనించి మెల్లగా ఊపాలి. లోపల్నుంచి ఏ చప్పుడొచ్చినా మళ్లీ విప్పాల్సిందే. "పెట్టె మాట్లాడొద్దు," అనేవారు. మొదటిసారి నేను సర్దిన పెట్టె మాట్లాడటం కాదు, ఉపన్యాసమే ఇచ్చింది. నాలుగుసార్లు విప్పించారు. నాలుగోసారి నేను రెంచి నేలకేసి కొట్టి పైకి వెళ్లిపోయాను. టీ తాగి కిందికొచ్చేసరికి ఆయన అలాగే స్టూలు మీద ఉన్నారు. రెంచి తుడిచి స్టూలు పక్కన పెట్టారు.

బుడగల కవరంటే ఆయనకు పడదు. "గది ఒత్తితే పేలిపోతది. నూలుబట్ట గట్ల కాదు, ఒత్తిన కొద్ది గట్టిపడ్తది," అన్నారు. లోపలికి వెళ్లి రెండు నూలు చీరలు పట్టుకొచ్చారు. ఒకటి ఎర్రంచు తెల్లది, ఇంకొకటి ఆకుపచ్చ గళ్లది. ఆంటీవి. ఆంటీ పోయి అప్పటికి మూడేళ్లు. ఆవిడ నాకు బాగా తెలుసు. ప్రతి క్రిస్మస్‌కు స్టీలు డబ్బా నిండా గులాబీ పూల పిండివంట చేసి పంపేవారు. ఖాళీ డబ్బా తిరిగిస్తే ఒప్పుకునేవారు కాదు, అందులో ఏదైనా వేసివ్వాలి.

మిగతా చీరలన్నీ చర్చిలో పంచేశారనీ, ఈ రెండూ ఉంచుకున్నారనీ నాకు తెలుసు. కత్తెర తీసేసరికి వద్దని చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ బిడ్డా. అల్మారిల పెడ్తే ఏం జేస్తది? మీ ఆంటీకి ఊర్లు తిరుగుడంటే మస్తు షోకు. నాకు రైల్వే పాసుండె. ఏం లాభం? ఎండాకాలం సెలవులిస్తే మామిడిపండ్ల సీజన్. ప్లాట్‌ఫారం నిండ బుట్టలు. పార్సిల్ ఆఫీసోడు లీవెట్ల అడుగుతడు? వైజాగ్ పోదాం, సముద్రం చూపిస్త అని ఎన్ని ఏండ్లు చెప్పిన్నో. ఎన్నడు తీస్కపోలే. జర నువ్వన్న తిప్పు."

నవ్వుతూనే అన్నారు. కత్తెర మాత్రం అంచు దగ్గర కాసేపు ఆగింది. తరువాత కచ్చితంగా కొలిచినట్టు ఆరు ముక్కలు చేశారు. ఫ్రేము ముందు గొట్టానికి ఎర్రంచు ముక్క. కింది గొట్టానికి ఆకుపచ్చది. ఒక్కో ముక్కకూ దాని చోటు దానిదే, మార్చడానికి వీల్లేదు. బోల్టుల విషయంలోనూ అంతే. ఊడదీసిన ప్రతి బోల్టునూ వెంటనే దాని రంధ్రంలోనే మళ్లీ నాలుగు చుట్లు బిగించి ఉంచాలి. నేను అన్నీ ఒక సంచిలో వేయబోతే, "ఏ ఇంటి పిల్లను గా ఇంటికే తోలాలె," అన్నారు.

ఆయనకు తెలియనివీ ఉండేవి. సైకిల్ ఎడమ పెడల్ మరచుట్టు ఉల్టా ఉంటుంది. నేను చెప్పేలోపే ఆయన మామూలు దిక్కులో బలం పెట్టారు. రెంచి జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. నాకు నవ్వు ఆగలేదు. ఆయన నెత్తురు చూసుకుని, పెడల్ చూసి, "నా సర్వీసు మొత్తంల ఉల్టా తిరిగేది మా సూపర్‌వైజర్నొక్కన్నే చూసిన," అన్నారు. ఆ రోజు నుంచి ఎడమ పెడల్ పేరు సూపర్‌వైజర్. ఇప్పటికీ మా ఇంట్లో అదే పేరు.

టైర్లలో గాలి గురించి పెద్ద వాదన జరిగింది. మొత్తం తీసేయాలని నేను ఎక్కడో చదివాను. మొత్తం తీస్తే చక్రం రింగుకు దెబ్బ తగులుతుందని ఆయన. సగం దగ్గర రాజీపడ్డాం. అందులో ఆయనదే సరైన మాట. నేను ఒప్పుకోవడానికి ఇంకో ప్రయాణం పట్టింది.

పెట్టెలో అన్నిటికంటే పైన ఒక కవరు ఉండేది. దాని మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లోనూ ఆయన రాత. 'తెరిచినవారికి నమస్కారం. తెరిచినట్టే మూయగలరు.' లోపల పొందికంతా పెన్సిల్‌తో గీసిన బొమ్మ. విమానాశ్రయంలో తనిఖీకి తెరుస్తారు కదా, వాళ్ల కోసం. ఎవరు చూస్తారండీ ఇవన్నీ అని నేను ఎగతాళి చేశాను. ఒకసారి తిరిగొచ్చాక చూస్తే ఆ బొమ్మ పక్కన ఎవరో నీలం పెన్నుతో ఒక టిక్కు పెట్టారు. అంతే, ఒక టిక్కు. ఆయన ఆ కాగితాన్ని నా దగ్గర అడిగి తీసుకుని బైబిల్లో పెట్టుకున్నారు. కొత్తది రాసిచ్చారు. వారం రోజులు బిల్డింగులో అందరికీ ఆ టిక్కు సంగతి చెప్పారు.

ఆయన నేర్పాక నా సైకిల్ ఎక్కడా వంకరపోలేదు. గోవా, కూర్గ్, కచ్. ప్రతి చోటా పెట్టె తెరవగానే ఫోన్ చేయాలి. అది మా ఒప్పందం.

"సరుకు చేరింది అంకుల్."

"మాట్లాడిందా?"

"లేదు."

"అచ్ఛా. ఇగ తిరుగు పో."

ఇంతే. ఎన్ని గంటల ప్రయాణం, ఎంత చలి, ఎన్ని కొండలు, ఏదీ అడిగేవారు కాదు. చేరడం ఒక్కటే ఆయనకు కావాలి. ఆ తరువాతిదంతా నా ఇష్టం. మనల్ని అలా వదిలేసే పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారు?

షిల్లాంగ్ ప్రయాణానికి సర్దేటప్పుడు ఆయన స్టూలు మీద కూర్చున్నారు గానీ ఒక్క బోల్టు ముట్టలేదు. ఎప్పుడూ ఫ్రేము ముక్కలు ఆయనే పట్టుకునేవారు, నేను చుట్టేదాన్ని. ఈసారి మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒంటరిగా చుట్టుకోవాల్సి వచ్చింది. చిరాకేసింది.

"ఏంది అంకుల్, ఇయ్యాల మేస్త్రీ లెక్క కూసున్నరు?" అన్నాను.

"నువ్వు చెయ్యి బిడ్డా. నేను చూస్త."

నేను చేశాను. మూత వేసి, కొస ఎత్తి, చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. "మీరూ వినున్రి," అన్నాను. "నువ్విన్నవ్ గదా, చాలు," అన్నారు. పక్కన నిల్చున్న వాళ్లమ్మాయి ఎందుకో లోపలికి వెళ్లిపోయింది. అప్పటికే రెండు నెలలుగా తను కాచిగూడ నుంచి రోజూ వచ్చి ఆయన్ని దవాఖానకు తీసుకెళ్తోందనీ, నాకు చెప్పొద్దని ఆయన మాట తీసుకున్నారనీ తరువాత తెలిసింది. చెబితే నేను ప్రయాణం మానుకునేదాన్ని. అది ఆయనకు తెలుసు. ఒంటరిగా సర్దడం నాకు వచ్చిందో లేదో చూసుకోవడానికే ఆ రోజు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. నేనేమో మేస్త్రీ అని వెక్కిరించాను.

ఇక ఆ లాడ్జి వరండాకు వస్తాను. మర్నాడు పొద్దున్నే గువాహటి నుంచి విమానానికి టికెట్ దొరికింది. మధ్యలో ఒక ఊళ్లో మారాలి, పన్నెండున్నరకల్లా హైదరాబాద్. మూడు గంటల సమాధి వేళకు తీరిగ్గా చేరుకోవచ్చు. ఫోన్ పక్కన పెట్టి సైకిల్ ఊడదీయడం మొదలుపెట్టాను.

జీవితంలో మొదటిసారి నేను తొందరపడలేదు. సూపర్‌వైజర్ని ఉల్టా తిప్పాను. ప్రతి బోల్టునూ దాని ఇంటికి పంపాను. టైర్లలో సగం గాలి ఉంచాను. ఏడుస్తూనే ఉన్నాను గానీ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ముందు గొట్టానికి ఎర్రంచు ముక్క, కింది గొట్టానికి ఆకుపచ్చది, ఆరింటినీ ఆరు చోట్ల చుట్టి, ముడులు వేసి, పైన ఆయన రాసిన కవరు పెట్టి మూత వేశాను. కొస ఎత్తి చెవి ఆనించాను. పెట్టె మాట్లాడలేదు. అంత బాగా నేను ఎప్పుడూ సర్దలేదు. ఆయన చూసి ఉంటే ఏమీ అనకుండా స్టూలు తీసుకుని లోపలికి వెళ్లిపోయేవారు. అది ఆయన మెప్పు.

హైదరాబాద్‌లో దిగి లగేజీ బెల్టు దగ్గర నిలబడ్డాను. అందరి సామాన్లూ వచ్చాయి. బెల్టు ఆగిపోయింది. నా పెట్టె రాలేదు. మధ్యలో విమానం మారిన ఊళ్లోనే ఉండిపోయిందనీ, రేపు సాయంత్రానికి ఇంటికే పంపిస్తామనీ కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. నేను తేవాల్సింది ఒక చీర ముక్కే. దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంటే సరిపోయేది. కానీ దాని చోటు ముందు గొట్టం. ఆయన అలా నేర్పారు, నేను అలాగే చుట్టాను. గురువు చెప్పింది తు.చ. తప్పకుండా పాటించి గురువు కోరిన ఒక్క వస్తువునూ తేలేకపోయాను. లెక్కలు చెప్పేదాన్ని, ఈపాటి లెక్క తెలియలేదు.

ఉత్త చేతులతో సమాధుల తోటకు వెళ్లాను. అంకుల్‌ను ఉంచిన పెట్టె అప్పటికే తెచ్చారు. మూత ఇంకా వేయలేదు. మనిషి సన్నబడిపోయారు, రెండు పక్కలా జాగా ఉంది. వాళ్లమ్మాయి నా చేతుల వైపు చూసింది. నేను చెప్పాల్సింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"పార్సిల్ లేటైందా అక్కా?" అంది. అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "డాడీ ఉంటే ఏమనేటోడు? రసీదు పైలంగ ఉంచుకో, సరుకు ఏడికి పోదు అనేటోడు."

ఆయన కప్పుకునే దుప్పటిని మడతలు పెట్టి రెండు పక్కలా దోపాం. నేను ఎడమ పక్క, తను కుడి పక్క. వేలెడు ఖాళీ కూడా ఉంచలేదు. పాస్టరుగారు వాక్యం చదువుతుంటే నేను ఆ మడతల వైపే చూస్తూ ఉన్నాను. నాకు సర్దడం నేర్పిన మనిషిని సర్దడంలో నాకూ ఒక చెయ్యి దక్కింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మనసు కాస్త తేలికపడుతుంది.

మర్నాడు సాయంత్రం సైకిల్ పెట్టె వచ్చింది. ఒక గీత కూడా పడలేదు. ఎప్పటిలాగే కింద వరండాలో తెరిచాం, నేనూ వాళ్లమ్మాయీ. స్టూలు అక్కడే ఉంది గానీ ఇద్దరం నేల మీదే కూర్చున్నాం. ఎర్రంచు ముక్క విప్పి తన చేతికిచ్చాను.

"నీదే. ఏం చేస్తవో చెయ్యి," అన్నాను.

తను దాన్ని ముఖానికి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. "గ్రీజు వాసనొస్తున్నదక్కా," అంది చివరికి. "అమ్మ బతికున్నప్పుడు ఎన్నడన్న జహీరాబాద్ దాటిందా? గిప్పుడే గదా తిరుగుతున్నది. తిరగనీ."

లేచి లోపలికి వెళ్లి ఆయన నీలం గళ్ల లుంగీ, అదే కత్తెర తెచ్చింది. కొలత కోసం ఎర్రంచు ముక్కను లుంగీ మీద పరిచి, అంత ముక్క కత్తిరించింది. ముందు గొట్టం మీద రెండూ పక్కపక్కన చుట్టి ముడి వేసింది. తండ్రి వేసే ముడే. ఎప్పుడు నేర్చుకుందో నేను గమనించలేదు. మూత వేశాం. ఒక కొస నేను ఎత్తాను, తను చెవి ఆనించింది. ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇదంతా వైజాగ్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి నుంచి తీరం వెంబడి నాలుగు రోజులు తొక్కాలి. పొద్దున లాడ్జికి చేరి పెట్టె తెరిస్తే ముందు గొట్టం మీది ముక్కలు రెండూ కాస్త చెమ్మగా ఉన్నాయి. విప్పి మేడ మీద తీగకు ఆరేశాను. ఎర్రంచు చీర ముక్క, నీలం గళ్ల లుంగీ ముక్క. గాలికి రెండూ ఒకేవైపు ఎగురుతున్నాయి. ఎదురుగా సముద్రం ఉంది.

అలవాటుగా ఫోన్ తీశాను. ఎవరికి చేయాలో ఒక క్షణం తోచలేదు. తరువాత వాళ్లమ్మాయికి చేశాను. సరుకు చేరిందా అక్కా అని అడిగింది.

"ఇద్దరూ చేరిన్రు," అన్నాను.